థియేటర్ బయట పెరిగిన సినిమా

1947 అక్టోబర్ 5న కలకత్తాలో కొద్దిమంది యువకులు కలిసి ఒక ఫిల్మ్ సొసైటీ పెట్టుకున్నారు. అడ్వర్టైజింగ్ కంపెనీలో బొమ్మలు వేసే సత్యజిత్ రాయ్, సినిమాలపై వ్యాసాలు రాసే చిదానంద దాస్‌గుప్తా, తరువాతి కాలంలో గొప్ప కళాదర్శకుడిగా పేరు తెచ్చుకున్న బన్సీ చంద్రగుప్త వారిలో ఉన్నారు. ఆ సొసైటీ మొదట వేసిన సినిమా ఐజెన్‌స్టీన్ తీసిన 'బ్యాటిల్‌షిప్ పొటెంకిన్'. దేశంలో స్వతంత్ర సినిమా చరిత్రను చాలామంది రాయ్ తీసిన 'పథేర్ పాంచాలి'తో మొదలుపెడతారు. కానీ ఆ సినిమా విడుదలకు ఎనిమిదేళ్ల ముందే, అలాంటి సినిమా చూడగల ప్రేక్షకులను తయారుచేసే పని కలకత్తా ఇళ్ల ముందుగదుల్లో మొదలైంది. పెద్ద నిర్మాతల అండలేని కథాచిత్రాలకూ డాక్యుమెంటరీలకూ ఈ దేశంలో డబ్బు దొరకడం కష్టమే. తెర దొరకడం అంతకన్నా కష్టం. వాటి గురించి వచ్చిన మంచి విమర్శలో చాలా భాగం కూడా ఆ తెర కోసం తిరిగినవాళ్లు రాసిందే.

యుద్ధకాలం నాటికే బొంబాయిలో ఇలాంటి సంఘం ఒకటి ఉండేది. కలకత్తావాళ్లు అదనంగా చేసిందల్లా చూడటంతో సరిపెట్టుకోకుండా చర్చించడం, చర్చించినదాన్ని రాయడం. పని అంత సులువుగా సాగలేదు. సినిమావాళ్లు వస్తూపోతూ ఉంటే ఇంటి పరువు పోతుందని ఒక ఇంటి యజమాని సభ్యులను వెళ్లగొట్టిన సంగతి రాయ్ తరువాత రాసుకున్నారు. థియేటర్లలో ఆడే 35 ఎం.ఎం. ప్రింట్లు బరువైనవి, వాటి ప్రొజెక్టర్ కదిలేది కాదు. అందుకే సొసైటీలకు 16 ఎం.ఎం. ఆధారమైంది. పెట్టెలో పెట్టుకుని రిక్షాలో తీసుకెళ్లగలిగే ప్రొజెక్టర్, గోడకు కట్టిన తెల్లగుడ్డ, ఒక ప్లగ్గు ఉంటే చాలు. ఒకటే ప్రొజెక్టర్ కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా లైట్లు వేయాల్సి వచ్చేది, మాటలు ఆ సందులోనే మొదలయ్యేవి. ప్రింట్లు ఎక్కువగా రాయబార కార్యాలయాల నుంచీ విదేశీ సాంస్కృతిక కేంద్రాల నుంచీ వచ్చేవి. అందువల్ల ఏ దేశం తన సినిమాను పంచిపెట్టడానికి ముందుకొస్తే ఆ దేశపు సినిమా గురించే ఇక్కడ ఎక్కువ రాశారు. సోవియట్, చెక్, పోలిష్, ఫ్రెంచ్ సినిమాలపై ఆ తరానికి ఉన్న పట్టుకు అభిరుచి ఎంత కారణమో ఈ సరఫరా కూడా అంతే కారణం.

భారతీయ సినిమాలో లోపం ఎక్కడుందో విడమరుస్తూ రాయ్ 1948లో 'ది స్టేట్స్‌మన్' పత్రికలో ఒక వ్యాసం రాశారు. అప్పటికి ఆయన ఒక్క సినిమా కూడా తీయలేదు. మరుసటి ఏడాది ఫ్రెంచ్ దర్శకుడు జాన్ రెన్వార్ 'ది రివర్' సినిమా కోసం బెంగాల్ వస్తే ఆయన వెంట తిరిగి చోట్లు చూపించారు. 1950లో కంపెనీ పనిమీద లండన్ వెళ్లి, ఉన్న కొద్ది నెలల్లో దాదాపు వంద సినిమాలు చూశారు. డి సీకా తీసిన 'బైసికిల్ థీవ్స్' వాటిలో ఒకటి. అదే సినిమా 1952 జనవరిలో మొదలైన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఇక్కడి ప్రేక్షకులకూ దొరికింది. ఆ ఉత్సవం బొంబాయిలో మొదలై మద్రాసు, ఢిల్లీ, కలకత్తాలకు వెళ్లింది. తెలుగు సినిమా కూడా అప్పుడు మద్రాసులోనే ఉండేది. నిజమైన వీధుల్లో, నటనే వృత్తి కానివాళ్లతో తీసిన ఇటాలియన్ సినిమాలు చూశాక సెట్టు, ఆట, పాట తప్పనిసరి అన్న నమ్మకం కొందరిలోనైనా సడలింది. మరుసటి ఏడాది వచ్చిన బిమల్ రాయ్ 'దో బీఘా జమీన్'లో ఆ ప్రభావం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

'పథేర్ పాంచాలి' పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో పూర్తయింది. 1955 మేలో మొదటి ప్రదర్శన జరిగింది న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో, కలకత్తాలో విడుదల ఆగస్టులో. ముందు పరదేశంలో మెప్పు, తరువాత ఇంట్లో తెర అనే ఈ వరస ఆనాడే మొదలైంది, నేటికీ పెద్దగా మారలేదు. 1956 కాన్ ఉత్సవంలో వచ్చిన గుర్తింపుతో ఫిల్మ్ సొసైటీలకు ఊపు వచ్చింది. 1959 డిసెంబర్‌లో ఫెడరేషన్ ఆఫ్ ఫిల్మ్ సొసైటీస్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. రాయ్ అధ్యక్షులు, చిదానంద దాస్‌గుప్తా, విజయా మూలే కార్యదర్శులు, తరువాత ఇందిరా గాంధీ కూడా ఉపాధ్యక్షుల్లో ఒకరయ్యారు. ఇంగ్లీషు విమర్శకురాలు మారీ సీటన్ ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చారు. 1960లో పుణెలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, 1964లో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ వచ్చాయి. ఆర్కైవ్‌ను పెంచిపోషించిన పి.కె. నాయర్ ప్రింట్లు సేకరించి దాచడంతో ఆగకుండా సొసైటీలకు పంపించారు. సతీశ్ బహదూర్ సినిమాను ఎలా చూడాలో పాఠంగా చెప్పారు.

సొసైటీలు సభ్యుల కోసం వేసుకునే సినిమాలకు సెన్సార్ నుంచి మినహాయింపు సాధించుకున్నాయి. దీనికో పక్క ఫలితం ఉంది. కత్తిరించని యూరోపియన్ సినిమాలో బట్టల్లేని దృశ్యం ఉంటుందన్న ఆశతో చేరినవాళ్లు ప్రతి ఊరి సొసైటీలోనూ ఉండేవారు. అలాంటి సినిమా ఉన్నరోజు హాలు నిండేది, మర్నాడు చర్చకు మాత్రం పదిమంది మిగిలేవారు. సొసైటీల పెద్దలు దీన్ని తలవంపుగా భావించారు గానీ, ఆ చందాలే సంఘాన్ని నడిపించిన మాట కూడా నిజం.

సొసైటీల నుంచి చిన్న పత్రికలు వచ్చాయి. కలకత్తా సొసైటీ 'ఇండియన్ ఫిల్మ్ క్వార్టర్లీ', ఫెడరేషన్ 'ఇండియన్ ఫిల్మ్ కల్చర్' నడిపాయి. 1980ల చివర్లో బెంగళూరు నుంచి 'డీప్ ఫోకస్', ఢిల్లీ నుంచి అరుణా వాసుదేవ్ సంపాదకత్వంలో 'సినిమాయా' వచ్చాయి. నిర్మాతల ప్రకటనల మీద బతకని పత్రికలు కావడంతో వీటికి మొహమాటం తక్కువ. అమ్మకాలూ తక్కువే. తెలుగులో విమర్శ వేరే దారిలో నడిచింది. 'కినిమా' పత్రికలో పనిచేసిన కొడవటిగంటి కుటుంబరావు సినిమాను సమాజ వ్యవహారంగా చూసి వ్యాసాలు రాశారు. ముళ్లపూడి వెంకటరమణ 1950ల్లో ఆంధ్రపత్రికలో రాసిన సమీక్షలు చురకలకు పేరుబడ్డాయి, ఆ తరువాత ఆయనే రచయితగా సినిమాల్లోకి వెళ్లారు. వీళ్లిద్దరి దృష్టీ ప్రధానంగా హాళ్లలో ఆడే సినిమా మీదే. హాళ్లలో ఆడని తెలుగు సినిమా అంటూ అప్పటికి లేదు కాబట్టి అందులో వింతేమీ లేదు.

1960లో కేంద్ర ప్రభుత్వం ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ పెట్టింది. మొదట్లో పేరున్నవాళ్లకే అప్పులిచ్చిన ఆ సంస్థ 1960ల చివర్లో కొత్తవాళ్ల వైపు తిరిగింది. 1969లో మృణాల్ సేన్ 'భువన్ షోమ్', మణి కౌల్ 'ఉస్కీ రోటీ' వచ్చాయి. మొదటిది హాళ్లలో ఆడింది. బస్సు డ్రైవర్ భర్త కోసం రొట్టెల మూటతో రోడ్డు పక్కన ఎదురుచూసే భార్య కథ రెండోది, అది సొసైటీ తెరల మీదే బతికింది. అప్పు తీరాలంటే హాలు కావాలి. తీసినవాళ్ల దగ్గర ప్రింటు ఉంది గానీ పంపిణీదారు లేడు. ప్రభుత్వం సినిమా తీయడానికి డబ్బిచ్చింది, వేయడానికి హాళ్లు కట్టలేదు. 1970ల మధ్య పార్లమెంటు కమిటీ ఒకటి ఈ అప్పులను తప్పుపట్టడానికి ఇదే ఆధారమైంది.

ఈ కొత్త సినిమాపై అతి పదునైన విమర్శ బయటివాళ్ల నుంచి కాకుండా రాయ్ నుంచే వచ్చింది. 1971లో 'ఫిల్మ్‌ఫేర్'లో రాసిన వ్యాసంలో ఆయన ఈ నవతరంగం నిజంగా కొత్తదేనా అని అడిగారు. 'భువన్ షోమ్' కథను ఏడే మాటల్లో తేల్చి, అది ప్రేక్షకుడికి అలవాటైన తీపినే కొత్త గిన్నెలో పోసిందన్న అర్థం వచ్చేలా రాశారు. 1974లో మరో వ్యాసంలో నాలుగు కథాచిత్రాలనూ ఒక పొట్టి చిత్రాన్నీ కలిపి పరిశీలించారు. ఆ నాలుగూ ఎం.ఎస్. సత్యు 'గర్మ్ హవా', కుమార్ సహానీ 'మాయాదర్పణ్', మణి కౌల్ 'దువిధా', శ్యామ్ బెనెగల్ 'అంకుర్'. దేశవిభజన తరువాత ఆగ్రాలో ఉండిపోయిన ముస్లిం కుటుంబం కథను ఎత్తుకున్న ధైర్యానికి సత్యును మెచ్చుకున్నారు. బెనెగల్‌పై ఆశ పెట్టుకున్నారు. కౌల్, సహానీల సినిమాల్లో మనుషులు చిత్రపటంలో రంగుల్లా మిగిలిపోయారని, వాళ్ల సుఖదుఃఖాలు తెరమీదికి రాలేదని ఆయన ఫిర్యాదు. ఆ సినిమాలను సమర్థించినవాళ్లు రాయ్‌ది కథను దాటి చూడలేని పాతచూపు అన్నారు. నేడు ఆ వ్యాసం చదివితే రాయ్ సగమే సరి అనిపిస్తుంది. 'అంకుర్' గురించి వేసిన అంచనా అక్షరాలా నిజమైంది. 'దువిధా' గురించి మాత్రం కాలం ఆయన పక్షాన నిలబడలేదు, అది రెండు తరాల దర్శకులకు పాఠ్యగ్రంథమైంది. ఇన్నేళ్లు దానిపై వాదన సాగిందంటే ఆర్కైవ్‌లో ప్రింటు ఉండటం వల్లే. కనిపించని సినిమాపై తీర్పు మార్చుకునే అవకాశం ఎవరికీ రాదు.

డాక్యుమెంటరీ చరిత్ర దీనికి పూర్తిగా తలకిందులు. దానికి ప్రభుత్వమే తెర ఇచ్చింది, కావలసినదానికన్నా ఎక్కువే ఇచ్చింది. యుద్ధకాలంలో 1943లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రతి థియేటర్ తాను ఆమోదించిన చిత్రాలను వేసి తీరాలని నిబంధన పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడింది, నిబంధన కొత్త రూపంలో కొనసాగింది. హాలు యజమాని ఆ చిత్రాలు వేయాల్సి వచ్చేది, పైగా వసూళ్లలో ఒక శాతం దాకా అద్దె కట్టాల్సి వచ్చేది. ఆనకట్టలు, ఎరువులు, కుటుంబ నియంత్రణ, ప్రధాని పర్యటన అన్నీ తెలుగు వ్యాఖ్యానంతో మారుమూల టూరింగ్ టాకీసుదాకా చేరేవి. ప్రేక్షకులు ఆ సమయాన్ని బీడీకి, సోడాకు, ఆలస్యంగా వచ్చి చీకట్లో సీటు వెతుక్కోవడానికి వాడుకున్నారు. 'న్యూస్‌రీల్ అయిందా?' అన్నది గేటు దగ్గర మామూలుగా వినిపించే ప్రశ్న. ప్రపంచంలో ఇంకే దేశంలోనూ డాక్యుమెంటరీకి ఇంత పెద్ద ప్రేక్షక సమూహం ఉండి ఉండదు. దానివైపు ఇంత తక్కువగా చూసిన సమూహమూ ఉండి ఉండదు.

అయినా ఆ సంస్థ లోపల ఒక మెరుపు కాలం ఉంది. యునెస్కో నుంచి వచ్చిన జాన్ భౌనగరి 1960ల మధ్యలో ముఖ్య సలహాదారుగా ఉన్నప్పుడు యువకులకు స్వేచ్ఛ ఇచ్చారు. ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి 1967లో తీసిన 'ఐ యామ్ ట్వంటీ' 1947లో పుట్టిన యువతీయువకులను వెతికి పట్టుకుని, ఈ దేశం గురించి ఏమనుకుంటున్నారని అడిగింది. జవాబుల్లో గర్వం ఉంది, వెటకారం ఉంది, నాకేం పట్టిందన్న ధోరణి ఉంది. ఒకరు చెప్పిన ఆశ పక్కనే ఇంకొకరి నిట్టూర్పు కత్తిరించి అతికించడంలో శాస్త్రి పనితనం కనిపిస్తుంది. వ్యాఖ్యాత గొంతు వచ్చి అర్థం చెప్పదు. అదే ఏడాది ఎం.ఎఫ్. హుసేన్ రాజస్థాన్‌లో తీసిన 'త్రూ ది ఐస్ ఆఫ్ ఎ పెయింటర్'కు బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ దక్కింది. సుఖ్‌దేవ్ 'ఇండియా 67' దేశాన్ని మాటల్లేకుండా చూపించింది. అదే సుఖ్‌దేవ్ తరువాత ఎమర్జెన్సీని సమర్థించే చిత్రాలు తీయడం ఆ తరం విషాదాల్లో ఒకటి.

ప్రభుత్వ తెరకు బయట డాక్యుమెంటరీ తీస్తే సెన్సార్ ఎదురయ్యేది. కె.ఎ. అబ్బాస్ నగరాల వైభవం పక్కనే పేదరికాన్ని, బొంబాయి వేశ్యావాటికలను చూపిస్తూ తీసిన చిన్న చిత్రం 'ఎ టేల్ ఆఫ్ ఫోర్ సిటీస్'కు అడ్డు చెబితే ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. సినిమాకు ముందస్తు సెన్సార్ చెల్లుతుందని 1970లో కోర్టు తేల్చింది. ఆ తీర్పు నేటికీ పునాదిగానే ఉంది.

ఆనంద్ పట్వర్ధన్ ఈ చరిత్రలో పెద్ద మలుపు. 1974లో బిహార్‌లో జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమాన్ని ఆయన అరువు కెమెరాలతో, గడువు దాటిన ఫిల్ముతో చిత్రించారు. సూపర్ 8లో తీసిన భాగాన్ని గోడమీద వేసి, దాన్ని మళ్లీ 16 ఎం.ఎం. కెమెరాతో తీశారు. అందుకే 'వేవ్స్ ఆఫ్ రివల్యూషన్'లో బొమ్మ గరుకుగా, పొగచూరినట్టు ఉంటుంది. పేదరికం వల్ల వచ్చిన ఆ గరుకుదనమే తరువాతి వాళ్లకు ఒక శైలిగా మారింది. సినిమా పూర్తయ్యేసరికి ఎమర్జెన్సీ వచ్చింది. ప్రింటును ముక్కలుగా కోసి, తెలిసినవాళ్ల ద్వారా విదేశాలకు పంపి, అక్కడ అతికించారు. ఆ తరువాత 'బాంబే అవర్ సిటీ', 'రామ్ కే నామ్', 'ఫాదర్, సన్ అండ్ హోలీ వార్', 'వార్ అండ్ పీస్' వరుసగా వచ్చాయి. వీటిలో చాలావాటికి జాతీయ అవార్డు ఒకచేత్తో ఇచ్చి, దూరదర్శన్ ప్రసారం ఇంకోచేత్తో నిరాకరించారు. పట్వర్ధన్ కోర్టుకు వెళ్లారు, గెలిచారు. 'ఫాదర్, సన్ అండ్ హోలీ వార్' వ్యవహారం 2006లో సుప్రీంకోర్టులో తేలింది. 'వార్ అండ్ పీస్'కు సెన్సార్ 21 కత్తిరింపులు అడిగితే 2003లో బొంబాయి హైకోర్టు ఒక్కటీ అక్కర్లేదంది. ఆయన సినిమాలపై రాసినవాళ్లు ఈ కోర్టు కథలకే ఎక్కువ చోటిచ్చారు. ఎదుటివాడితో మాట్లాడించి వాడి మాటల్లోంచే వాడి మనసు బయటపెట్టే ఆయన నేర్పు గురించి రాసింది తక్కువ. 'రామ్ కే నామ్'లో అయోధ్య ఆలయ పూజారి లాల్‌దాస్‌తో సంభాషణ అందుకు చక్కని ఉదాహరణ.

తెలుగు నేలకు ఈ ఉద్యమంతో సంబంధం ముందుగా శ్యామ్ బెనెగల్ ద్వారా కలిసింది. తిరుమలగిరిలో పుట్టి, ఉస్మానియాలో ఎం.ఏ. చదువుతూ హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ పెట్టినవాడాయన. హైదరాబాద్ పరిసరాల్లోనే తీసిన 'అంకుర్'కు డబ్బు పెట్టింది థియేటర్లకు ప్రకటన చిత్రాలు పంచే బ్లేజ్ సంస్థ. దేశమంతటా హాళ్లతో లావాదేవీలున్న సంస్థ కావడం వల్ల 'ఉస్కీ రోటీ'కి దొరకని తెర 'అంకుర్'కు దొరికింది. భాష హిందీ అయినా అందులో వినిపించేది దక్కనీ యాస, కనిపించేది తెలంగాణ భూస్వామ్యం. 1977లో మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ కథ 'కఫన్'ను 'ఒక ఊరి కథ'గా తెలుగులో తీశారు. మరుసటి ఏడాది బెనెగల్ 'అనుగ్రహం' వచ్చింది. కలకత్తా నుంచే వచ్చిన గౌతమ్ ఘోష్ అప్పటికి బెంగాల్ ఆకలిపై డాక్యుమెంటరీ తీసి ఉన్నారు. ఆయన దర్శకత్వంలో బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన 'మా భూమి' కిషన్ చందర్ నవల ఆధారంగా తెలంగాణ సాయుధ పోరాటాన్ని చూపించింది. యాదగిరి రాసిన బండెనక బండి పాటను గద్దర్ తెరమీద పాడగానే సినిమా హాలు దాటి ఊళ్లలోకి వెళ్లిపోయింది. సొసైటీ సినిమాగా పుట్టి జనం సినిమా అయిన తెలుగు ఉదాహరణ అంటే ముందుగా ఇదే గుర్తుకొస్తుంది.

ఆ తరువాత నర్సింగరావే దర్శకుడయ్యారు. చిత్రకారుడిగా ఆయనే నటించిన 'రంగుల కల' 1983లో వచ్చింది. 1988 నాటి 'దాసి'కి అయిదు జాతీయ అవార్డులు దక్కాయి. ఉత్తమ నటిగా అర్చన, ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్, కళాదర్శకత్వానికి చిత్రకారుడు తోట వైకుంఠం వాటిని అందుకున్నారు. దొరసాని వెంట అరణంగా గడీకి వచ్చిన కమలాక్షి కథ అది. దొర పిలిస్తే వెళ్లాలి, కడుపు వస్తే తీయించుకోవాలి. కాదనే మాట ఆమె నోట రాదు. సినిమాలో సంభాషణలు బహు తక్కువ. గడీ అరుగులు, వాకిళ్లు, నీళ్లు మోయడం, కాళ్లు కడగడం, పిలుపు వినగానే తల వంచుకుని లేవడం, ఈ పనుల వరస చూస్తూ చూస్తూ ఉంటే అధికారం ఎలా నడుస్తుందో అర్థమవుతుంది. నర్సింగరావు స్వయంగా దొరల కుటుంబంలో పుట్టినవారు కావడంతో గడీ లోపలి అలవాట్లు ఆయనకు కొత్తవి కావు. పల్లె బతుకును చిత్రించిన ఆయన డాక్యుమెంటరీ 'మా ఊరు' చూశాక 'దాసి' చూస్తే, కథాచిత్రానికి ఆ ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఇన్ని అవార్డులు వచ్చిన సినిమాను సొంత రాష్ట్రంలో హాలులో చూసినవాళ్లు మాత్రం కొద్దిమందే.

విమర్శకుడే కెమెరా పట్టడం తెలుగులో కె.ఎన్.టి. శాస్త్రి విషయంలో జరిగింది. విమర్శకుడిగా జాతీయ అవార్డు అందుకున్న ఆయన, సురభి నాటక కుటుంబాలపై డాక్యుమెంటరీ తీసి, ఆపైన 'తిలాదానం'తో కథాచిత్రానికి వచ్చారు. పురోహితుడైన ముసలి తండ్రి, ఉద్యమంలోకి వెళ్లిపోయిన కొడుకు దాని ఇతివృత్తం. తొలిచిత్ర దర్శకుడికి ఇచ్చే ఇందిరా గాంధీ అవార్డు దానికి లభించింది. లంబాడీ తండాల్లో ఆడపిల్లల అమ్మకంపై ఆయన చేసిన డాక్యుమెంటరీకీ, నందితా దాస్ నటించిన 'కమ్లి'కీ దగ్గరి చుట్టరికం ఉంది. ఒకదానికోసం సేకరించిన నిజం ఇంకోదాంట్లో కథైంది. రాయ్, దాస్‌గుప్తాలు కలకత్తాలో మొదలుపెట్టిన దారిలో తెలుగువైపు నుంచి నిండుగా నడిచింది శాస్త్రి ఒక్కరే అనవచ్చు.

కేరళలో సొసైటీలు పాకినంతగా ఇంకెక్కడా పాకలేదు. అదూర్ గోపాలకృష్ణన్, కుళత్తూర్ భాస్కరన్ నాయర్ 1965లో తిరువనంతపురంలో చిత్రలేఖ సొసైటీ పెట్టారు. అక్కడి నుంచే 1972లో 'స్వయంవరం' వచ్చింది. జాన్ అబ్రహాం 1984లో ఒడెస్సా అనే బృందంతో ఇంకో అడుగు వేశారు. చాప్లిన్ 'ది కిడ్' ఊరూరా వేస్తూ చందాలు పోగుచేసి, ఆ డబ్బుతో 'అమ్మ అరియాన్' తీసి, మళ్లీ ఆ ఊళ్లకే తీసుకెళ్లి చూపించారు. గుజరాత్‌లో బెనెగల్ 'మంథన్'కు అయిదు లక్షలమంది పాల రైతులు తలా రెండు రూపాయలు ఇచ్చారు. అయితే వాళ్ల వెనుక ఒక పెద్ద సహకార సంఘం ఉంది, ఒడెస్సా వెనుక ప్రొజెక్టర్ తప్ప ఏమీ లేదు.

వీడియో రాకతో డాక్యుమెంటరీ ఖర్చు తగ్గింది. అంతకు కాస్త ముందు, 1984 నాటి హైదరాబాద్ మతకలహాలపై దీపా ధన్‌రాజ్ తీసిన 'క్యా హువా ఇస్ షహర్ కో' 1986లో వచ్చింది. అల్లర్లు జరుగుతుండగానే పాతబస్తీలో కెమెరా పెట్టి తీసిన చిత్రమది. కర్ఫ్యూ నాటి వీధులు, ఊరేగింపులు, కూలి పోయిన ఇళ్ల లెక్క, రాజకీయ నాయకుల ప్రసంగాలు పక్కపక్కనే ఉంటాయి. దాని ప్రింటును ఆ తరువాత పాతికేళ్లకు బెర్లిన్‌లో బాగుచేశారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా రైతులకు వీడియో కెమెరా నేర్పింది. వాళ్లు వరంగల్ జిల్లాకు వెళ్లి బీటీ పత్తి వేసి నష్టపోయిన రైతులను సీజను తరువాత సీజను కలిసి మాట్లాడించి చిత్రాలు చేశారు. చేలో పనిచేసినవాళ్లు చేను గురించి అడిగితే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. విత్తనం సంచి ధర, కూలి, తెగులు పడిన రోజు మీదే కెమెరా నిలబడుతుంది. పత్రికల్లో సినిమా పేజీ రాసేవాళ్ల కంట ఇవి పడలేదు.

బొంబాయిలో 1990 నుంచి డాక్యుమెంటరీలకు ప్రత్యేక ఉత్సవం జరుగుతోంది. 2004 ఉత్సవానికి వచ్చే భారతీయ చిత్రాలకు సెన్సార్ సర్టిఫికెట్ తప్పనిసరి అనడంతో డాక్యుమెంటరీ దర్శకులు ఏకమయ్యారు. ఆ నిబంధనను వెనక్కి తీసుకున్నా ఎన్నో చిత్రాలు జాబితా నుంచి జారిపోయాయి. వాటన్నిటితో ఎదురుగానే 'వికల్ప్' పేరుతో పోటీ ఉత్సవం జరిగింది. గుజరాత్ మారణకాండపై రాకేశ్ శర్మ తీసిన 'ఫైనల్ సొల్యూషన్' అక్కడ ఆడింది. 2006లో గోరఖ్‌పూర్‌లో మొదలైన 'ప్రతిరోధ్ కా సినిమా' ఏ కంపెనీ సొమ్మూ తీసుకోకుండా జనం చందాలతోనే నడిచింది. సర్టిఫికెట్ ఉన్నా చిక్కులు తప్పవని 2019 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో తెలిసింది. 'రామ్ కే నామ్' వేసుకుంటున్న విద్యార్థులను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. అప్పటికి ఆ సినిమాకు 27 ఏళ్లు.

శాటిలైట్ టీవీ, డీవీడీ, ఆపైన ఇంటర్నెట్ వచ్చేసరికి సొసైటీలు పలచబడ్డాయి. జపాన్ దర్శకుడు కురొసావా సినిమా కోసం ఆదివారం దాకా ఆగాల్సిన పని లేకపోయింది. రీలు మార్చే సందులో జరిగే చర్చ కూడా దాంతోపాటే పోయింది. విమర్శ వెబ్‌సైట్లకు మారి, తెలుగులో అయిదుకు ఇన్ని మార్కులనే లెక్కగా కుదించుకుపోయింది. మొదటి ఆట ముగిసేలోపు తీర్పు చెప్పే ఆ పద్ధతిలో చిన్న సినిమాకు మేలు ఎప్పుడోగానీ జరగదు. 2018లో వెంకటేశ్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' విషయంలో జరిగింది. అమెరికాలో వైద్యురాలైన ప్రవీణ పరుచూరి నిర్మించిన ఈ సినిమాలో విశాఖ కంచరపాలెం వాసులే నటించారు. సురేష్ ప్రొడక్షన్స్ సమర్పించడంతో హాళ్లు దొరికాయి, సమీక్షకుల మాట పనిచేసింది. 2021లో ప్రవీణ్ కండ్రేగుల 'సినిమా బండి' నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఆటోలో దొరికిన కెమెరాతో ఊరంతా సినిమా తీయబోయే కథ కాబట్టి, సొసైటీవాళ్లకు నవ్వు కొంత, చురక కొంత. 2023లో 'బలగం' పెద్ద సంస్థ సినిమాయే అయినా, తెలంగాణ పల్లెల్లో పంచాయతీలే తెర కట్టి ఊరికి చూపించాయి. హక్కులున్నవాళ్లు అభ్యంతరం చెప్పారు గానీ, ఊరు కూర్చుని ఏడ్చింది.

ఇటీవలి డాక్యుమెంటరీలు మాత్రం దేశం వెలుపలే ముందు వెలిగాయి. పాయల్ కపాడియా 'ఎ నైట్ ఆఫ్ నోయింగ్ నథింగ్' 2021లో, ఢిల్లీలో గాయపడిన గద్దలను బాగుచేసే అన్నదమ్ములపై శౌనక్ సేన్ తీసిన 'ఆల్ దట్ బ్రీత్స్' 2022లో కాన్‌లో ఉత్తమ డాక్యుమెంటరీలుగా నిలిచాయి. రెండోది ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. బుందేల్‌ఖండ్‌లో దళిత మహిళలు నడిపే 'ఖబర్ లహరియా' పత్రికపై రింటూ థామస్, సుస్మిత్ ఘోష్ తీసిన 'రైటింగ్ విత్ ఫైర్' అంతకు ముందు ఏడాది ఆ నామినేషన్ పొందింది. విదేశీ సమీక్షలన్నీ మెచ్చుకుంటున్న వేళ ఆ పత్రికే ఒక ప్రకటన చేసింది. తమ పని అంతా ఒక్క పార్టీ మీదే తిరుగుతున్నట్టు సినిమా చూపిందని, తమ కథ అంతకన్నా పెద్దదని చెప్పింది. ఆ సినిమాపై వచ్చిన విమర్శల్లో అతి సూటిగా తగిలింది ఇదే. తెరమీది మనుషులే విమర్శకులైనప్పుడు వాళ్ల మాటను పక్కన పెట్టడం కుదరదు. దర్శకులకు తమ ఎంపికపై హక్కు ఉంది నిజమే. కానీ ఇక్కడి ప్రేక్షకులకు సినిమాయే అందుబాటులో లేకపోవడంతో ఎవరి వాదన ఎంత సబబో తూచి చూసే వీలు లేకపోయింది.

2022లో ఫిల్మ్స్ డివిజన్‌ను, ఫిల్మ్ ఆర్కైవ్‌ను జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపేశారు. అంతకు ముందు ఏడాది సెన్సార్‌పై అప్పీలు వినే ట్రిబ్యునల్‌ను రద్దు చేశారు, ఇక నేరుగా హైకోర్టుకే వెళ్లాలి. ఓటీటీ వేదికలు రాజకీయ డాక్యుమెంటరీలకు దూరంగా జరిగాయి. పట్వర్ధన్ 'వివేక్'ను తానే యూట్యూబ్‌లో భాగాలుగా పెట్టుకున్నారు. సంధ్యా సూరి 'సంతోష్' విదేశాల్లో ఆడి మెప్పు పొందినా ఇక్కడ సెన్సార్ దగ్గర ఆగిపోయింది. పాయల్ కపాడియా తొలి కథాచిత్రం 'ఆల్ వీ ఇమాజిన్ యాజ్ లైట్' 2024లో కాన్ గ్రాండ్ ప్రి గెలిచింది. దాన్ని ఆ ఏడాది సెప్టెంబర్‌లో ముందు కేరళలో కొన్ని హాళ్లలో, నవంబర్ 22న దేశమంతటా విడుదల చేసింది హైదరాబాద్‌కు చెందిన దగ్గుబాటి రానా సంస్థ స్పిరిట్ మీడియా.